కాల్షియము ప్రవేశమును గూర్చి నిరోధకములు చెప్పిన సాక్ష్యము

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున నున్న శేరిలింగంపల్లి పేరు చెప్పగానే నేటి విద్యార్థికి అద్దాల మేడలును, కంప్యూటరు సంస్థలును కన్నులకు గట్టును. 1998లో మాదాపురమున సైబరు టవర్సు భవనము ప్రారంభమైన నాటినుండి ఆ ప్రాంతపు రూపురేఖలే మారిపోయినవి. కాని అదే మండలములో, గచ్చిబౌలి వద్ద, 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయము కలదు. అందలి జీవరసాయనశాస్త్ర విభాగమునకు చెందిన సేపూరి నరేశ్‌బాబును, ఆయన సహచరులును 2013లో ప్రకటించిన పరిశోధన యొకటి ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులు తెలిసికొనదగినది. స్టాట్-3 అను ప్రోటీను ముఖ్యముగా జీవకణపు కేంద్రకములో పనిచేయునది. అది మైటోకాండ్రియాలో కూడ కనబడుచున్నది. అచటికి అది ఎట్లు చేరినది? గ్రిమ్-19 అను మరియొక ప్రోటీను దానిని తోడ్కొని పోవుచున్నదని ఆ పరిశోధకులు చూపిరి. స్టాట్-3లో 727వ స్థానమునందున్న సెరీను అను ఎమినో ఆమ్లమునకు బదులు ఎలనీనును పెట్టగా, తోడు వచ్చు ప్రోటీను ఉన్నప్పటికిని ప్రవేశము తగ్గినది.

ఈ వాదములోని బలమెచట నున్నదో గమనింపవలెను. లోనికి పోవు వస్తువు పేరు తెలియును. తోడ్కొని పోవుదాని పేరు తెలియును. ఒకదానిలో ఒక్క అంగమును మార్చి ఏమగునో చూచుటకు వీలు కలిగినది. మైటోకాండ్రియాలోనికి కాల్షియము ఎట్లు పోవుచున్నదను ప్రశ్నకు మాత్రము ఇట్టి సౌకర్యము అర్ధశతాబ్దము వరకు లేకపోయినది. 1961 మొదలు 2011 వరకు శాస్త్రజ్ఞులకు ద్వారము పేరు తెలియదు, ఆకారము తెలియదు. దానిని మూయు పదార్థములు కొన్ని మాత్రము తెలియును. మూతను బట్టి ద్వారమును ఊహించిరి. ఆ ఊహలో ఎంత నిజమున్నదో, ఎచట పొరపాటు దొరలినదో విమర్శించుట ఈ వ్యాసపు ఉద్దేశము.

మైటోకాండ్రియాను మన పాఠ్యపుస్తకములు కణపు శక్త్యాగారమని వర్ణించుచున్నవి. ఆ మాట తప్పు కాదు గాని చాలదు. విద్యుచ్ఛక్తి కేంద్రము ఊరిలో ఎవరికెంత అవసరమో తానై ఎరుగదు. ఎవరో ఒకరు చెప్పవలెను. మైటోకాండ్రియాకు ఆ కబురు తెచ్చువానిలో ముఖ్యమైనది కాల్షియము. కండరము సంకోచించుటకు కణద్రవములో కాల్షియము పెరుగవలెను. ఆ పెరిగిన కాల్షియములో కొంత మైటోకాండ్రియాలోనికి పోయి, అచట ఆహారమును దహించు ఎంజైములను కొన్నింటిని చురుకు చేయును. పైరువిక్ ఆమ్లమును విచ్ఛిన్నము చేయు ఎంజైము వానిలో నొకటి. ఇంగ్లాండులోని బ్రిస్టలు నగరమున డెంటను, మెకార్మాకు మున్నగువారు 1970-80 ప్రాంతమున ఈ సంగతిని విశదపరచిరి. కండరము పని మొదలుపెట్టుటయు, ఇంధనము మండుటయు ఒకే సంకేతముచే జరుగుచున్నవి. ఇంత చక్కని ఏర్పాటును పాఠ్యపుస్తకము ఒక్క ఉపమానముతో దాటిపోవుట విచారకరము.

కాని ఈ కబురు మితిమీరిన ప్రమాదము. గుండెకు రక్తము కొంతసేపు ఆగి మరల ప్రవహించినపుడు మైటోకాండ్రియాలో కాల్షియము అధికముగా చేరును. లోపొరలో పెద్ద రంధ్రము తెరచుకొని, మైటోకాండ్రియా ఉబ్బి, చివరకు కణమే చచ్చును. ఈ కారణముననే ప్రవేశమును నిరోధింపగల పదార్థముకొరకు వైద్యులు సైతము కుతూహలముతో వెదకుచున్నారు. నిరోధకము చెప్పు సాక్ష్యము నమ్మదగినదా కాదా అనునది ప్రయోగశాలకు మాత్రమే సంబంధించిన తగవు కాదు.

ముందు కాల్షియమును లోనికి లాగు బలమును లెక్కకట్టి చూతము. శ్వాసక్రియ జరుగుచున్నంతకాలము మైటోకాండ్రియా లోపొరకు ఇరుప్రక్కల సుమారు 180 మిల్లీవోల్టుల విద్యుత్పీడన భేదముండును, లోపలివైపు ఋణము. కాల్షియము అయానుపై రెండు ధనావేశములు గలవు. అట్టి అయానుకు సుమారు ప్రతి 30 మిల్లీవోల్టులకు లోపలి గాఢత పదిరెట్లు కాగలదు. 180 మిల్లీవోల్టులనగా ఆరు పదులు. పది లక్షల రెట్లన్నమాట. కణద్రవములో కాల్షియము విశ్రాంతి సమయమున లీటరునకు ఒక మోలులో కోటవ వంతు మాత్రమే. దానిని పది లక్షలచే హెచ్చవేసిన లీటరునకు మోలులో పదవ వంతు. అంత కాల్షియము లోపల చేరిన మైటోకాండ్రియా బ్రతుకదు. వాస్తవముగా అంత చేరదు. ఏలననగా ద్వారము విశ్రాంతి సమయమున దాదాపు మూయబడియుండును. చేరిన కాల్షియమును బయటికి పంపు వేరొక మార్గము కూడ కలదు. సోడియమును లోనికి తీసికొని కాల్షియమును వెడలనంపు ఈ మార్గమును 1974లో కరాఫోలీ మున్నగువారు గుండె మైటోకాండ్రియాలో కనుగొనిరి. ఈ చిన్న లెక్కను పదవ తరగతి విద్యార్థి నల్లబల్లపై చేయగలడు. ద్వారమునకు తలుపు ఎందుకు కావలెనో వానికి వేరుగా చెప్పనక్కరలేదు.

1961లో డెలూకా, ఎంగ్‌స్ట్రమ్ అనువారును, 1962లో వాసింగ్టను, మర్ఫీ అనువారును ఎలుక మూత్రపిండమునుండి వేరుపరచిన మైటోకాండ్రియా కాల్షియమును విశేషముగా పీల్చుకొనుటను వర్ణించిరి. మరుసటి సంవత్సరమున లెనింజరు బృందము ఎలుక కాలేయముతో ప్రయోగములు చేసి, కాల్షియముతోపాటు ఫాస్ఫేటు కూడ లోనికి చేరుచున్నదని చూపినది. ఇచ్చట ఒక తెలుగువాని పేరు స్మరింపక తప్పదు. 1895లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్కుతో కలసి 1925లో ప్రకటించిన భాస్వర మాపన పద్ధతి ఆ దశాబ్దములలో జీవరసాయన ప్రయోగశాలలన్నిటను వాడుకలో నుండెను. ద్రవమునకు కలిగిన నీలివర్ణపు చిక్కదనమును బట్టి ఫాస్ఫేటెంతయో తేల్చు పద్ధతి యది. వారిరువురే 1929లో కండరమునందు ఎ.టి.పి.ని గుర్తించిరి, అదే కాలమున జర్మనీలో లోమాను స్వతంత్రముగా దానిని కనుగొనెను. ఎ.టి.పి.ని తయారుచేయుటకు ఉపయోగపడవలసిన విద్యుత్పీడనమునే కాల్షియము కూడ వాడుకొనునని తరువాత తెలిసినది.

ఇక నిరోధకముల సంగతి. శేరిలింగంపల్లి ప్రాంతమున దుర్గము చెరువు, నల్లగండ్ల చెరువు వంటివి నేటికిని కలవు గనుక, తూము అననేమో అచటి పిల్లలు పెద్దలనడిగి తెలిసికొనవచ్చును. చెరువు క్రింది పొలమునకు నీరు రాలేదనుకొందము. తూము మూసియుండవచ్చును. చెరువే ఎండియుండవచ్చును. లేదా తూములో చెత్త అడ్డుపడి నీరు సన్నగిలి యుండవచ్చును. పొలము గట్టుపై నిలుచున్నవానికి ఈ మూడును ఒక్కటిగానే కనబడును: నీరు రాలేదు. నిరోధకముతో ప్రయోగము చేయువాడు పొలము గట్టుపై నిలుచున్నవాడే.

సయనైడు శ్వాసక్రియనాపును. డైనైట్రోఫినాలు లోపొర యొక్క విద్యుత్పీడనమును పోగొట్టును. ఇవి రెండును కాల్షియము ప్రవేశమును ఆపినవి. కాని ఇవి చెరువును ఎండబెట్టినవే గాని తూమును మూయలేదు. 1968-69 ప్రాంతమున మేలా అను శాస్త్రజ్ఞురాలు లాంథనము అయాను అత్యల్ప ప్రమాణములోనే ప్రవేశము నాపునని చూపినది. లాంథనము పరిమాణమున కాల్షియమును పోలినది, ఆవేశమున దానిని మించినది. తూములో ఇరుక్కొను రాయివంటిది. పీడనమును చెడగొట్టకయే ప్రవేశము నాపిన పదార్థము లభించుటతో, ద్వారమొకటి కలదని విశ్వసించుటకు మంచి ఆధారము చేకూరినది. ఈ తేడా తెలియని విద్యార్థి సయనైడును లాంథనమును ఒకే పట్టికలో వరుసగా వ్రాసికొనును. కొన్ని పాఠ్యగ్రంథములును అట్లే వ్రాయుచున్నవి.

1971లో మూరు అను శాస్త్రజ్ఞుడు రుథీనియము రెడ్డు అను వర్ణకమును ఈ రంగమునకు తెచ్చెను. అది వృక్షశాస్త్రజ్ఞులకు పాత మిత్రము; మొక్కల కణకుడ్యములలోని పెక్టినునకు రంగు వేయుటకు పంతొమ్మిదవ శతాబ్దపు చివరనుండి వాడుచున్నదే. మూరు తన పత్రమునకు పెట్టిన శీర్షికలోనే ఆ నిరోధమును ‘విశిష్టము’ అని పేర్కొనెను; అనగా ఆ వర్ణకము కాల్షియము ప్రవేశమునే గాని ఇతర క్రియల నాపదని భావము. ఈ ఒక్క విశేషణమే తరువాతి నలువది ఏండ్ల సాహిత్యమును నడపినదనిన అతిశయోక్తి కాదు.

మూరునకు న్యాయము చేయవలెనన్న, ఆ మాట ఆయన చూచినంతవరకు చెల్లును. కణమునుండి వేరుపరచి, పరీక్షనాళికలో నుంచిన మైటోకాండ్రియాలో, కొద్ది ప్రమాణమున వాడినపుడు, రుథీనియము రెడ్డు శ్వాసక్రియను చెరుపక కాల్షియము ప్రవేశమునే ఆపును. చెరువు నిండియున్నది, తూము మాత్రము మూసికొన్నది. లాంథనము చేయలేని ఒక మేలును కూడ ఇది చేసినది: లాంథనము ఫాస్ఫేటుతో కలసి అవక్షేపమగును గనుక ప్రయోగద్రవమునే పాడుచేయును, వర్ణకమున కా దోషము లేదు. తప్పు చేసినది ఆయన తరువాతివారు. పరీక్షనాళికలో సంపాదించిన విశేషణమును వారు సంపూర్ణ కణమునకును, అవయవమునకును, తుదకు జంతువునకును అంటగట్టిరి.

కణములో మైటోకాండ్రియా ఒంటరిగా లేదు. కండరములో కాల్షియమును నిలువచేయు సంచులున్నవి. ఆ సంచులనుండి కాల్షియమును వెలువరించు మార్గమును కూడ రుథీనియము రెడ్డు మూయునని తేలినది. అంతకంటె విచిత్రమైనది మరియొకటి కలదు. మిరపకాయ కొరికినపుడు నాలుక మండుటకు కారణమైన గ్రాహకము నాడుల కొనలయందుండును. కాప్సైసిను అను మిరప సారము దానిని తెరువగా కాల్షియము నాడిలోనికి జొరబడును. ఆ గ్రాహకమును జూలియసు బృందము 1997లో గుర్తించినది. 2021లో ఆయన నోబెలు బహుమానమును పంచుకొనెను. రుథీనియము రెడ్డు ఈ మిరప గ్రాహకమును సైతము మూయును. గుంటూరు మిరపకాయ మంటకును, గుండె మైటోకాండ్రియాకును ఒకే మూత సరిపోయినపుడు, ఆ మూతను చూపి ‘ఇది ఫలానా తూము’ అని చెప్పుట ఎట్లు? గుండెను రుథీనియము రెడ్డుతో కడిగి, గుండె తీరు మారగా, అది మైటోకాండ్రియా మహిమయే అని వ్రాసిన పత్రములను నేడు జాగరూకతతో చదువవలసియున్నది.

ఇంతకంటె ఇబ్బందికరమైన సంగతి 1991లో బయటపడినది. బోస్టను ప్రాంతమున యింగు, ఎమర్సను, క్లార్కు, సనాది అను నలుగురు బజారులో దొరకు రుథీనియము రెడ్డును శుద్ధిచేయగా, అందులో కల్మషముగా నున్న మరియొక రుథీనియము సంయోగము అసలు వర్ణకముకంటె ఎంతో బలమైన నిరోధకమని తేలినది. వర్ణకమునందు మూడు రుథీనియము పరమాణువులుండగా, దీనియందు రెండే కలవు; ఆ రెంటి నడుమ ఒక ఆక్సిజను వంతెనవలె నుండును. 360 నానోమీటర్ల కాంతిని విశేషముగా గ్రహించుటచే దీనికి రు-360 అని పేరు వచ్చినది. ఇరువది ఏండ్లుగా ఒక సీసాపై నున్న పేరునకు దక్కిన కీర్తిలో చాల భాగము ఆ సీసాలోని మురికికి చెందవలసినదన్నమాట! ఒక్కొక్క సీసాలో ఆ మురికి పాలు ఒక్కొక్క విధముగా నుండును గనుక, వేర్వేరు ప్రయోగశాలల అంకెలు పొసగకపోవుటలో ఆశ్చర్యము లేదు. రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు శుద్ధత యొక్క విలువను బోధించుటకు ఇంతకంటె మంచి కథ దొరకుట కష్టము.

రు-360 యొక్క గుణము నిజముగా మేలైనదే. 2004లో కిరిచోకు, క్రాపివిన్‌స్కీ, క్లాఫాము అనువారు మైటోకాండ్రియా బయటి పొరను తొలగించి, లోపొరకు సన్నని గాజునాళమును అతికించి, అందు ప్రవహించు విద్యుత్తును కొలిచిరి. కాల్షియము ప్రవేశించునది అయాను మార్గమేయనియు, అది కాల్షియమును ఇతర అయానులనుండి మిక్కిలి నేర్పుగా ఎన్నుకొనుననియు, రుథీనియము సంయోగములు దానిని మూయుననియు స్పష్టమయ్యెను. అయినను అది ఏ ప్రోటీనుచే నిర్మితమైనదో తెలియలేదు. యూనిపోర్టరు అను పేరు మాత్రము వాడుకలో నుండెను. పేరున్నది, ఊరు లేదు.

ఆ ఊరు కనుగొనుటలో మరల ఒక తెలుగు పేరు వినవచ్చుచున్నది. బోస్టనులో పనిచేయుచున్న వంశీ మూథా (2014లో భారత ప్రభుత్వము ఈయనకు పద్మశ్రీ నిచ్చినది) నిరోధకముల దారిని విడిచి జాబితాల దారిని పట్టెను. 2008లో ఆయన బృందము మైటోకాండ్రియాలో పనిచేయు 1,098 ప్రోటీనుల జన్యువులకు ఒక పట్టికను సిద్ధముచేసినది. పిమ్మట వారు ఒక పాత పరిశీలనను వినియోగించుకొనిరి. జంతువుల మైటోకాండ్రియా కాల్షియమును పీల్చుకొనును. అతినిద్రావ్యాధి కలిగించు జాతికి చెందిన ఏకకణ జీవుల మైటోకాండ్రియాయు పీల్చుకొనును. రొట్టె చేయుటకు వాడు ఈస్టు మైటోకాండ్రియా పీల్చుకొనదు. కావున జంతువులయందును ఆ ఏకకణ జీవులయందును ఉండి ఈస్టునందు లేని ప్రోటీనేది? పెద్ద పట్టిక చిన్నదైనది. 2010లో వారు పదమూడు జన్యువులను ఒక్కొక్కటిగా అణచి చూడగా మిక్యు-1 అను ప్రోటీను దొరకినది. అది తూము కాదు, తూమునకు తలుపు.

తూము 2011లో దొరకినది. ‘నేచర్’ పత్రిక ఒకే సంచికలో రెండు పత్రములను ప్రకటించినది. ఒకటి మూథా బృందముది, రెండవది ఇటలీలోని పదువా నగరమున రిజ్జూటో బృందముది. ఇరువురు చూపినదియు ఎం.సి.యు. అని పిలువబడిన ఒకే ప్రోటీను. రెండవవారును వెదకులాటకు మూథా పట్టికనే ఆధారము చేసికొనిరి. ఈ రెండు పత్రములను ప్రక్కప్రక్కన పెట్టి చదువుట సాక్ష్యమును తూచుటలో మంచి అభ్యాసము.

పదువావారు ప్రోటీనును తయారుచేసి, కృత్రిమమైన కొవ్వు పొరలో నుంచి, అందు విద్యుత్ప్రవాహమును కొలిచిరి. ప్రవాహము కనబడినది, రుథీనియము రెడ్డు దానిని ఆపినది. ఇది చూపులకు తిరుగులేని నిదర్శనము. మూథా బృందము ఎలుక కాలేయములో ఆ జన్యువును అణచి, ప్రవేశము ఆగిపోయినదని చూపుటయేగాక, శ్వాసక్రియయు విద్యుత్పీడనమును చెడలేదని కూడ చూపిరి. అనగా చెరువు నిండియే యున్నదని ముందుగా తేల్చుకొనిరి. అటుపై ప్రోటీనులో 259వ స్థానమునందలి సెరీనును తీసి ఎలనీనును పెట్టిరి. కాల్షియము యథాప్రకారము ప్రవేశించుచుండెను. కాని రు-360 దానిని ఆపలేకపోయెను!

ఈ చివరి ప్రయోగమే రెండు పత్రములలోను శ్రేష్ఠమైనదని చెప్పవలెను. మూత తూమును మూసినదనుట ఒక ఎత్తు. తూము అంచును వెండ్రుకవాసి మార్చగా, నీరు పారుచునే మూత పట్టు వదలినదనుట మరియొక ఎత్తు. అప్పుడు ఆ మూత పట్టుకొనియున్నది ఆ అంచునే అని తేలును. మూత ఇంకెన్ని తూములను మూసిననేమి, ఈ తూమునకు సంబంధించినంతవరకు సందేహము తీరినది. నలువది ఏండ్లుగా అస్పష్టముగా పలుకుచుండిన సాక్షిచేత ఒక్క ఎమినో ఆమ్లమును మార్చి నిజము చెప్పించిరి. శేరిలింగంపల్లిలో స్టాట్-3 విషయమున 727వ సెరీను చేసిన పనియు ఈ జాతిదే.

పదువావారి కొవ్వు పొర ప్రయోగము అందముగా నున్నను, దాని తాత్పర్యము కొంత సవరింపబడినది. ఎం.సి.యు. ఒక్కటే ప్రవాహమునకు చాలునని దానినుండి తోచును. 2013లో మూథా ప్రయోగశాలలో సాంచాకు మున్నగువారు ఎమ్రె అను చిన్న ప్రోటీనును కనుగొనిరి. అది లేని మానవ కణములో ఎం.సి.యు. ఉన్నను కాల్షియము ప్రవేశింపదు. 2014లో, స్వతస్సిద్ధముగా ద్వారము లేని ఈస్టులో మానవ ఎం.సి.యు.ను మాత్రము పెట్టగా ఫలము లేకపోయెను; ఎమ్రెను కూడ పెట్టగా ప్రవేశము మొదలయ్యెను. కృత్రిమమైన పొరలో కనబడినదంతయు కణములో జరుగునదే అనుకొనరాదు. మార్గపు ఆకారమును గూర్చియు ఇట్టి సవరణయే జరిగినది: ఐదు ముక్కలు చేరి మార్గమగునని 2016లో ఒక పత్రము చెప్పగా, 2018లో శిలీంధ్రముల ఎం.సి.యు.ను అతిశీతల ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో చూచిన పలు బృందములు ముక్కలు నాలుగేయని తేల్చినవి.

జన్యువు దొరకినది గనుక ఇక నిరోధకముల బెడద తీరినదని పలువురు సంతసించిరి. జన్యువును తీసివేసిన చాలును, మురికి సీసాలతో పనిలేదు. కాని 2013లో అమెరికాలో ఫింకెలు బృందము ఎం.సి.యు. జన్యువు బొత్తిగా లేని ఎలుకలను పుట్టించినపుడు వచ్చిన ఫలితము అందరిని తికమకపెట్టినది. ఎలుకలు బ్రతికినవి! కొంచెము చిన్నవిగా నుండెను, కండబలము తగ్గెను, అంతే. వాని మైటోకాండ్రియా కాల్షియమును వేగముగా పీల్చుకొనలేదు, కాల్షియముచే తెరచుకొనవలసిన రంధ్రమును తెరువలేదు. అట్టి గుండెకు రక్తము నాపి మరల వదలిన, హాని తగ్గవలెను గదా? తగ్గలేదు. రు-360 ఇచ్చిన గుండెలు రక్షణ పొందినవని అంతకు ముందు ప్రకటించినవారికి ఇది పెద్ద దెబ్బ.

నిరోధకము అబద్ధము చెప్పినదా, జన్యువు అబద్ధము చెప్పినదా? తొందరపడి తీర్పు చెప్పినవారు లేకపోలేదు. జన్యువును గర్భమునుండియే తీసివేసిన ఎలుక ఆ లోపముతోనే పెరిగి పెద్దదగును; వేరు ఉపాయములను సమకూర్చుకొనుటకు దానికి వ్యవధి కలదు. సాధారణముగా గుండెకు రక్షణనిచ్చు సైక్లోస్పోరిను అను మందు ఈ ఎలుకల గుండెపై పనిచేయకపోవుట, వాని కణములు చచ్చు దారియే మారినదనుటకు గుర్తు. అదియుగాక ఆ ఎలుకలు మిశ్రవంశమునకు చెందినవి. శుద్ధవంశపు ఎలుకలలో అదే జన్యువును తీసివేయగా పిండములు పుట్టకమునుపే చచ్చినవి. ‘ఎం.సి.యు. లేకున్నను ఎలుక బ్రతుకును’ అను వాక్యము ప్రక్కన ‘ఏ ఎలుక?’ అను ప్రశ్న ఉండితీరవలెను.

2015లో రెండు బృందములు వేర్వేరుగా ఒక మేలైన ఉపాయము పన్నినవి. ఎలుకను సహజముగా పెరుగనిచ్చి, పెద్దదైన పిదప, గుండెకణములలో మాత్రము ఆ జన్యువును తొలగించిరి. ఇప్పుడు గుండెకు రక్షణ లభించినది. మరియొకటియు కనబడినది: విశ్రాంతిలో ఆ గుండెలు బాగుగనే పనిచేసినవి గాని, భయము, శ్రమ కలిగినపుడు వచ్చు హార్మోను ప్రభావమునకు వెంటనే వేగము పుంజుకొనలేకపోయినవి. కబురందని శక్త్యాగారము రోజువారీ పనికి సరిపోయినది, అవసర సమయమున వెనుకబడినది. రు-360 చెప్పినది మొత్తముమీద నిజమే. దానిని కాదన్న ప్రయోగమే అడిగిన ప్రశ్నకు గాక వేరొక ప్రశ్నకు జవాబు చెప్పినది. నిరోధకము ఇప్పటికిప్పుడు మూసిన ఏమగునో చెప్పును. పుట్టుకనుండి లేని జన్యువు, ఎన్నడును లేకున్న ఏమగునో చెప్పును. ఈ రెంటిని ఒకదానితో ఒకటి పోల్చి తగవులాడిన రెండేండ్ల కాలము కొంత వృథాయే.

మనుష్యులలో ఈ యంత్రము చెడిన ఉదాహరణలును కలవు. మిక్యు-1 జన్యువు లోపించిన పిల్లలను గూర్చి 2014లో ఒక పత్రము వెలువడినది. కండరముల బలహీనత, చదువు వంటబట్టకపోవుట, చేతులు కాళ్లు తమ యిచ్చ లేకయే కదలుట వారియందు కనబడినవి. తలుపు లేని తూము గుండా విశ్రాంతి సమయమున సైతము కాల్షియము లోనికి కారుచుండును. ద్వారము మూసికొనుట ఎంత చేటో, మూసికొనకపోవుటయు అంత చేటే.

ఈనాడు కొత్త నిరోధకములను వెదకువారు పాత తప్పులను ఎరిగియే పనిచేయుచున్నారు. రు-360 కణములోనికి సులభముగా చొరబడదని చాలకాలముగా ఫిర్యాదు కలదు. 2019లో విల్సను బృందము ప్రకటించిన రు-265 అంతకంటె సులువుగా చొరబడును. అన్నిటికంటె గమనింపదగినది 2017లో పెరోకీ బృందము అనుసరించిన పద్ధతి. ఈమెయే 2010లో మూథా ప్రయోగశాలనుండి మిక్యు-1 పత్రమును వ్రాసినవారిలో మొదటిది. మానవ ఎం.సి.యు.ను, ఎమ్రెను ఈస్టులో పెట్టి, మందుల నొక్కొక్కటిగా దానిపై పరీక్షించిరి. ఈస్టుకు సొంత ద్వారము లేదు గనుక, అచట కాల్షియము ప్రవేశము ఆగిన అది పెట్టిన ద్వారము మూసికొనుటవలననే కావలెను. పీడనము చెడకున్నదో లేదో వేరుగా చూచికొనవచ్చును. ఈ జల్లెడలో మిటోజాంత్రోను అను మందు నిలిచినది.

అది కొత్త మందు కాదు. కాన్సరు చికిత్సలో చాలకాలముగా వాడుకలో నున్నదే. కణము విభజన పొందునపుడు డి.ఎన్.ఎ. చిక్కులను విప్పు ఎంజైమును ఆపుట దాని ప్రసిద్ధమైన పని. మోతాదు పెరిగినకొలది గుండెకు హాని చేయుననియు వైద్యులెరుగుదురు. ఎం.సి.యు.ను మూయు పదార్థము గుండెను కాపాడునను ఆశతో వెదకగా, చేతికి చిక్కినది గుండెకు చేటు తెచ్చు మందు. అందులోని ఏ భాగము ద్వారమును మూయుచున్నది, ఏ భాగము డి.ఎన్.ఎ. జోలికి పోవుచున్నది, రెంటిని విడదీయుట సాధ్యమా అను ప్రశ్నతో రసాయనశాస్త్రజ్ఞులు మరల సీసాలను ముందిడుకొని కూర్చున్నారు.